కలవరంలో ఎన్ని మాటలు?

ఒరేయ్ మామా,

రాత్రి పదకొండున్నరకి పడుకోబోతుంటే నీ మెసేజ్. ఒక్కటే మాట: కలవరం. దాని కింద "ఇందులో అక్షరాలతో ఎన్ని మాటలు వస్తాయో చూడు, నాకు పదహారు వచ్చాయి" అని ఓ లైను. అది పంపేసి నువ్వు హాయిగా పడుకున్నావు. నాకు మాత్రం ఒంటిగంట దాటింది. పొద్దున నీ పదహారూ చూశాక తేల్చుకోవాల్సింది చాలా ఉందనిపించింది. ఫోన్లో టైపు చేస్తే తెమిలేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు నేనేం చేశానో చెప్తా. పాత నోటుబుక్కులోంచి ఓ కాగితం చింపి నాలుగు చీటీలు చేశాను. క, ల, వ, రం. ఒక్కో చీటీ మీద ఒక్కో అక్షరం. వాటిని టేబుల్ మీద అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నా. కల, వరం పక్కపక్కనే ఉన్నాయి కదా, వాటికి వెతుకులాట అక్కర్లేదు. వల కూడా అంతే. దాన్ని తిరగేస్తే లవ. (పేర్లు చెల్లవంటావేమో, చెల్లుతాయి, కుశుణ్ణి అడుగు.) మొదటి చీటీ, చివరి చీటీ కలిస్తే కరం. ఇక్కడిదాకా ఐదు నిమిషాలు. ఆ తర్వాత నలభై నిమిషాలు ఏమీ లేదు. లేచి నీళ్ళు తాగొచ్చి చూస్తే క, వ, ల వరసగా పడున్నాయి. కవల! అంతసేపూ కళ్ళెదుటే ఉంది, నాకే కనబడలేదు. మొత్తం ఆరు.

ఇక నీ జాబితా. నా ఆరూ అందులో ఉన్నాయి, సంతోషం. మిగిలిన పది చదువుతుంటే బీపీ పెరిగింది. కలకలం, కంకర కొట్టేశాను. క ఒక్కసారే ఉంటే రెండుసార్లు ఎలా వాడతావురా? ఇచ్చిన మాటలో ఎన్ని ఉంటే అన్నేసార్లే, ఇందులో మాత్రం బేరం లేదు. పోతే ఎనిమిది: లంక, వంక, వంకర, కలం, రకం, లవం, రవం, కలరవం. ఇవి ఎక్కడినుంచి వచ్చాయా అని బుర్ర గోక్కుని గోక్కుని చివరికి పట్టుకున్నా. నువ్వు చేసినవి నాలుగు చీటీలు కాదు, ఐదు. రం మీది సున్నని ఊడబీకి దానికో సొంత చీటీ ఇచ్చావు!

ఒక్క సున్న ఊడితే ఏమవుతుందో లెక్క వేశాను. నాలుగు చీటీలతో రెండక్షరాల వరసలు 12, మూడక్షరాలవి 24, నాలుగూ కలిపి పేర్చేవి 24, మొత్తం 60. అరగంట ఓపిక ఉంటే చేత్తోనే అన్నీ రాసి చూసుకోవచ్చు. అదే ఐదు చీటీలైతే 320. సున్నతో మొదలయ్యేవి తీసేసినా 256 మిగుల్తాయి. నువ్వు నాకంటే తెలివైనవాడివేం కాదు, నీ దగ్గర సరుకెక్కువ, అంతే.

నా పక్షాన వాదిస్తా విను. గళ్ళనుడికట్టు నింపేటప్పుడు గడికి ఒక అక్షరమే కదా రాస్తాం? రం ఒక గడి. త్త ఒక గడి. స్త్రీ కూడా ఒకటే గడి. సున్నకి వేరే గడి ఎక్కడైనా చూశావా? అవధానంలో వ్యస్తాక్షరి కూడా అలాంటిదే. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాల్ని వరస తప్పించి, ఇది ఎన్నో అక్షరమో చెబుతూ, మధ్యమధ్యలో ఒక్కొక్కటే అందిస్తుంటాడు. అవధాని అన్నీ గుర్తుపెట్టుకుని చివర్లో పేర్చి చెప్పాలి. నంబరు కూడా చెబుతారు కాబట్టి అది మన ఆటకంటే ధారణకే ఎక్కువ పరీక్షనుకో. కానీ అక్కడా లెక్క అక్షరంతోనే.

అక్షరాల లెక్కలో ఇంకో సుఖం ఉంది. కొన్ని అక్షరాలు వాటి చోటు అవే చెప్తాయి. నిన్నే నాలో నేను ఆడుకున్న మాట, వాతావరణం. ఐదు చీటీలు: వా, తా, వ, ర, ణం. ణంతో తెలుగులో మాట మొదలవదు, కాబట్టి దాన్ని తీసి కుడిపక్క చివర పెట్టెయ్. దాని ముందు ఒక్కో చీటీ పెట్టి చూడు: వాణం, తాణం, వణం, రణం. రణం దొరికింది. రెండేసి పెట్టి చూస్తే వారణం, అంటే ఏనుగు. వాతావరణంలో ఏనుగు ఉందని నాకు నిన్నటిదాకా తెలీదు! ణంని పక్కన పడేస్తే తార, వర. ఒత్తుల సంగతీ ఇంతే. ఇప్పుడు రాస్తున్న ఈ ఉత్తరాన్నే తీసుకో. త్తతో మాట మొదలవదు, దాన్ని మధ్యలోనో చివర్లోనో పెట్టాలి. చివర్లో పెడితే ఉత్త. అది పక్కకి తప్పుకుంటే మిగిలేది ఉరం ఒక్కటే.

మొత్తం అక్షరాలన్నీ వాడేసి వేరే మాట చెయ్యడం, అదే యానగ్రామ్, మనకి కొంచెం కష్టం. చిన్న మాటల్లోనే దొరుకుతాయి. తల, లత. పాట, టపా. కలప, పలక. నాకు బాగా నచ్చింది మాత్రం నవల. వరస మారిస్తే వలన. ఇంగ్లీషువాళ్ళకి ఇరవయ్యారు అక్షరాలే కాబట్టి పొడుగు మాటలకి కూడా ఇట్టే కుదిరిపోతాయి. మనకి హల్లులకి గుణింతాలు, వాటి మీద ఒత్తులు. చీటీలు వేలల్లో తయారవుతాయి.

కుదిరిపోవడం మంచిదే అనుకోకు. 1610లో గెలీలియో శనిగ్రహాన్ని టెలిస్కోపులో చూశాడు. ఆ రోజుల్లో, ఇంకా రూఢి చేసుకోకముందే "ముందు చూసింది నేనే" అని దాఖలు చేసుకోవాలంటే, సంగతిని ఒక వాక్యంగా రాసి అక్షరాలు కలగాపులగం చేసి పంపించేవాళ్ళు. ఆయన 37 లాటిన్ అక్షరాలు అలా పంపాడు. అసలు వాక్యం "అన్నిటికంటే పైనున్న గ్రహం మూడుగా కనబడింది" అని. వలయాలు ఆ టెలిస్కోపులో శనికి అటొకటి ఇటొకటి బొడిపెల్లా కనబడ్డాయి మరి. ఇంకో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఆ 37 అక్షరాలతో కుస్తీ పట్టి, అంగారకుడికి ఇద్దరు పిల్లలున్నారనే అర్థం వచ్చే వాక్యం తీశాడు! అందులో ఓ మాట ఆయన సాగదీసి పుట్టించిందే. అచ్చం నీలాగే. తమాషా ఏంటంటే అంగారకుడికి నిజంగానే రెండు చందమామలున్నాయి. అవి కనబడింది 1877లో.

రాబర్ట్ హుక్ పద్ధతి నాకు ఇంకా నచ్చింది. 1676లో స్ప్రింగు సాగడం గురించి తను కనిపెట్టిన సూత్రాన్ని 14 అక్షరాలుగా అచ్చు వేయించాడు, అవీ కలగాపులగంగా కాదు, ఏ బీ సీ వరసలో పేర్చి! 1678లో విప్పి చెప్పాడు: ఎంత సాగితే అంత బలం. ఇప్పుడు కంప్యూటర్ చేసేదీ అదే కదా. పలకని అకారాది వరసలో పేర్చితే కపల. కలపని పేర్చినా కపల. వరసపెట్టాక రెండూ ఒకటైతే ఒకే అక్షరాలున్నట్టు, చూసుకోనక్కర్లేదు.

ఆ ఊపులో నేనూ ఓ చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఇక్కడే దెబ్బ తిన్నాను. నా చీటీల సిద్ధాంతాన్ని కంప్యూటర్ పట్టించుకోలేదు. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే పద్ధతి యూనికోడ్‌లో సున్నది వేరే గుర్తు, గుణింతానిది వేరే గుర్తు. స్త్రీని ఇస్తే ఆరంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని తిప్పి పేర్చమంటే స్క్రీను మీద చుక్కల వలయానికి వేలాడుతూ గుడిదీర్ఘం ఒక్కటే వచ్చి నిలబడింది, గోడకి తగిలించిన గొడుగులా. నవ్వాగలేదు. అక్షరాల్ని ముక్కలు కాకుండా కాపాడ్డానికే ప్రోగ్రామ్‌లో సగం పోయింది. సరిచేయకముందు మాత్రం అది కలవరం, కలరవం రెండూ ఒకటే అని చెప్పింది. అంటే యంత్రం నీ పార్టీ. ఇది నీకు చెప్పకూడదనే అనుకున్నా.

ఇంకోటి కూడా దాచేద్దామనుకున్నా, మనసొప్పలేదు. నువ్వు సున్ననే ఊడబీకావు కదా, గుణింతాన్ని కూడా ఊడబీకితే ఏమవుతుందని చూశాను. దీర్ఘాలూ కొమ్ములూ ఉన్నచోటే ఉంచి హల్లుల్ని మాత్రం కుర్చీలు మార్పించాను. వాన అంటే నావ వచ్చింది. రాత అంటే తార. వేరు అంటే రేవు. పేరు అంటే రేపు! నా చీటీలతో వీటిలో ఒక్కటీ రాదు. వా అని రాసిన చీటీని ఎన్నిసార్లు తిప్పినా నా అవదు. రేపు వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం చీటీలన్నీ చింపేద్దామనిపించింది.

అందుకని రాజీ. ఏ ఆటో మొదట్లోనే చెప్పు. చీటీల ఆటైతే సున్నని ముట్టుకోకు. ఊడబీకే ఆటైతే నేనూ ఊడబీకుతాను. రెండూ కలిపి పదహారన్నావంటే ఒప్పుకోను. నిన్నటి లెక్క: చీటీల ఆటలో ఆరు ఆరు, సమానం. ఊడబీకే ఆటలో నీకు పధ్నాలుగు, నేను ఆడనే లేదు.

ఇప్పుడు నా వంతు. మకరందం. చీటీలు నాలుగే, సున్నలు రెండూ అతుక్కునే ఉంటాయి. నాకు నాలుగు మాటలు దొరికాయి, వాటిలో ఒకటి నీళ్ళలో ఉంటుంది. ఆదివారం లోపు పంపు. నేను పడుకున్నాక మాత్రం పంపకు.

నీ,
నాలుగు చీటీల వాడు