జూన్ 4న ఆరుద్రకీ కారా మాస్టారికీ కలిపి ఒక్క సభ పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

పేపర్ చేతికి రాగానే నేను ముందు చూసేది హెడ్‌లైన్లు కాదు, లోపల ఎక్కడో మూలన వేసే 'చరిత్రలో ఈ రోజు'. ఆ అలవాటు వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను. 1998 జూన్ 4న ఆరుద్ర పోయారు. 2021లో సరిగ్గా అదే తేదీన కాళీపట్నం రామారావు మాస్టారు, అందరూ 'కారా' అని పిలిచే ఆయన, పోయారు. ఆరుద్ర మన విశాఖలోనే పుట్టారు. కారా మాస్టారు శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టి ఇక్కడికొచ్చి, ఈ ఊళ్లోనే హైస్కూలు పిల్లలకి పాఠాలు చెబుతూ దశాబ్దాలు గడిపారు. ఆరుద్రకి 1987లో, మాస్టారికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డులు వచ్చాయి. ఇలాంటి ఇద్దరి వర్ధంతీ ఒకే రోజు పడితే ఆ రోజు ఊళ్లో పెద్ద సాహిత్య పండగే జరగాలి. నేను అడుగుతున్నది అంత కూడా కాదు, ఒక్క సాయంత్రం, ఇద్దరికీ కలిపి ఒక్క సభ.

ఇద్దరికీ పొంతనేమిటి, ఒకాయన కవి, సినిమా పాటలు రాశారు, ఇంకొకాయన కథలు రాశారు, అది కూడా చాలా తక్కువ రాశారు అంటారేమో. నాకైతే పొంతన బాగానే కనిపిస్తుంది. ఆరుద్ర 'త్వమేవాహం' రాసి అక్కడితో ఊరుకున్నా కవిగా ఆయన పేరు నిలిచేది. కానీ తెలుగు సాహిత్యం మొత్తం మొదటి నుంచీ తవ్వి తీసి, ఏ కవి ఎప్పటివాడు, ఏ రాజు కొలువులో ఉన్నాడు, ఎవరి పద్యం ఎవరి పేరు మీద చలామణి అవుతోంది, ఇవన్నీ తేల్చుకుంటూ సంపుటాల మీద సంపుటాలు 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాశారు. ఒక యూనివర్సిటీ పదిమందిని కూర్చోబెట్టి చేయించాల్సిన పని అది. కారా మాస్టారు కూడా 1964లో 'యజ్ఞం' రాశాక ఇంకేం రాయకపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయనేమో సొంత కథల్ని పక్కన పెట్టి ఊరూరా తిరిగి ఇతరుల కథలు పోగేసి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. పాత పత్రికల్లో అచ్చయి, రాసినవాళ్ల ఇళ్లలోనే దొరకని కథలు ఇప్పుడు అక్కడ దొరుకుతున్నాయంటే అది ఆయన చలవే. ఇద్దరూ పక్కవాళ్ల రచనలు కాపాడడానికి తమ రాత సమయం ఖర్చుపెట్టినవాళ్లు. ఈ గుణం రచయితల్లో ఎంత అరుదో సాహిత్య సభలకి వెళ్లేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

జూన్ 4 మంచి తేదీ కాదన్నది మాత్రం ఒప్పుకోవాలి. ఆంధ్రాలో బడులు అప్పటికి ఇంకా తెరవరు కాబట్టి పిల్లల చేత ఏమీ చేయించలేం. ఆ రోజే బాలు గారి పుట్టినరోజు, టీవీలన్నీ పొద్దున్నించీ ఆయన పాటలే వేస్తాయి (వేయాలి కూడా, నేనూ చూస్తాను). 2024లో అయితే ఎన్నికల కౌంటింగ్ సరిగ్గా ఆ రోజే పడింది, ఇక ఆరుద్ర ఎవరికి గుర్తొస్తారు? ఇది మనవాళ్లకే జరిగిందని కాదు. 1963 నవంబర్ 22న ఆల్డస్ హక్స్‌లీ, సీ.ఎస్. లూయిస్ ఇద్దరూ చనిపోయారు, అదే రోజు కెన్నెడీని కాల్చి చంపడంతో ఆ పెద్ద రచయితల చావులు పేపర్ల అడుగున పడిపోయాయి. మనకి కౌంటింగ్ ఏటా ఉండదు కదా.

ఒకే తేదీ అనేది ఒక సాకు మాత్రమే అని నాకూ తెలుసు. ఆ సాకుని ప్రపంచమంతా ఎలా వాడుకుందో చూడండి. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న పోయారని చెప్పుకుని యునెస్కో 1995లో ఆ తేదీని పుస్తక దినోత్సవం చేసింది. అసలు సంగతేంటంటే అప్పటికి ఇంగ్లండ్‌లో పాత కేలండర్, స్పెయిన్‌లో కొత్త కేలండర్ నడుస్తున్నాయి. రెంటికీ తేడా పది రోజులు, కాబట్టి అవి రెండూ ఒకే రోజు కావు. పైగా సెర్వాంటెస్ 22న పోయాడనీ 23న ఖననం చేశారనీ అంటారు. అయినా ఎవరూ పండగ మానలేదు. మన ఆరుద్ర, కారా మాస్టారి తేదీకి ఆ చిక్కు కూడా లేదు. అన్నట్టు ఏప్రిల్ 23 శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి పుట్టినరోజు కూడా, 1891. పుస్తక దినోత్సవం నాడు ఇంగ్లీషాయన బొమ్మ పక్కన మన శ్రీపాద బొమ్మ కూడా పెడితే ఎవరొద్దంటారు?

ఈ ధోరణిలో వెతుకుతూ పోతే సరదాగా ఉంటుంది. గురజాడ వర్ధంతి నవంబర్ 30, ఆస్కార్ వైల్డ్ పోయిందీ అదే తేదీన, మార్క్ ట్వెయిన్, జోనథన్ స్విఫ్ట్ పుట్టిందీ అదే తేదీన. నలుగురూ లోకాన్ని నవ్విస్తూ వాత పెట్టినవాళ్లే! బీచ్ రోడ్డులో గురజాడ విగ్రహానికి దండ వేసి వెళ్లిపోయే బదులు ఆంధ్ర యూనివర్సిటీ తెలుగు శాఖా ఇంగ్లీషు శాఖా ఆ రోజు కలిసి కూర్చుంటే ఎంత బావుంటుంది. ఆరుద్ర పుట్టిన ఆగస్టు 31నే ఆదిభట్ల నారాయణదాసు గారూ పుట్టారు. కృష్ణశాస్త్రి, ముళ్లపూడి వెంకటరమణ ఇద్దరూ ఫిబ్రవరి 24నే పోయారు. కారా మాస్టారి జయంతి నవంబర్ 9 అయితే ఆ మర్నాడే మన రావిశాస్త్రి వర్ధంతి, ఆ రెండు రోజుల్ని కలిపేసుకోవచ్చు.

తేదీల మీదే గొడవలున్నాయి కదా అనేవాళ్లుంటారు. ఉంటే ఉండనివ్వండి. శ్రీశ్రీ షష్టిపూర్తి ఈ ఊళ్లోనే 1970 ఫిబ్రవరిలో చేశారు, జయంతి ఇప్పుడేమో ఏప్రిల్ 30న చేస్తున్నాం, చైత్ర శుద్ధ షష్ఠి లెక్క కడితే ఇంకో తేదీ వస్తుంది. ఏ రోజు చేసినా ఆయన కవిత్వం చదివితే చాలు.

అసలు బాధ అక్కడే ఉంది. చదవరు. ఆ మధ్య ఒక రచయిత వర్ధంతి సభకి వెళ్లాను, ఎవరి సభో ఎవరు పెట్టారో రాయను. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం, తర్వాత వేదిక మీద ఉన్నవాళ్లందరి పరిచయాలు, శాలువాలు, ఫొటోలు. ఫ్లెక్సీ మీద రచయిత బొమ్మ కన్నా నిర్వాహకుల బొమ్మలు పెద్దవి. మూడు గంటల్లో ఆ మహానుభావుడు రాసింది ఒక్క వాక్యం కూడా ఎవరూ చదవలేదు. ఆ మాట లేచి అడిగిన కాలేజీ కుర్రాడిని టైం అయిపోయిందని కూర్చోబెట్టేశారు!

అందుకే జూన్ 4 సభకి ముఖ్య అతిథి వద్దు, శాలువా వద్దు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో ఇంకెక్కడైనానో ఫ్యాన్లు తిరిగే హాలు చాలు (ఆ ఉక్కలో బీచ్‌లో పెడితే జనం సముద్రం వైపు చూస్తారు తప్ప మైకు వైపు చూడరు). ఒకరు 'యజ్ఞం' పూర్తిగా చదవాలి. పెద్ద కథే, కంగారేం లేదు, నలుగురు పంచుకుని చదవొచ్చు. ఆరుద్ర కూనలమ్మ పదాలు పిల్లల చేత చెప్పించొచ్చు, బడులు లేకపోయినా పిల్లలు ఇళ్లలోనే ఉంటారు.

మీ నుంచి కావలసినవి రెండు. ఆ రోజు రెండు ఫొటోలూ నాలుగు లైన్ల జీవిత చరిత్రా వేసి సరిపెట్టకుండా, ఇద్దరి రచనల్లోంచి చెరో అరపేజీ, హక్కులున్నవాళ్లని అడిగి అచ్చు వేయండి. రెండోది, మే నెలాఖరు నుంచే సిటీ పేజీలో ఒక చిన్న ప్రకటన వేయండి: ఇళ్లలో అటక మీద పాత భారతి, యువ లాంటి పత్రికలున్నవాళ్లు పాత పేపర్లవాళ్లకి తూకానికి వేసేయకుండా ఆ సభకి పట్టుకు రావాలని. వచ్చినవన్నీ కట్టలు కట్టి శ్రీకాకుళం కథానిలయానికి పంపొచ్చు, వాళ్ల దగ్గర లేని సంచిక ఒక్కటి దొరికినా చాలు. మోసుకెళ్లడానికి మనుషులు కావాలంటే మా కాలనీ నుంచి నలుగురం వస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం