కాదని చెప్పినవాళ్లకి కూడా థాంక్స్

అందరికీ నమస్కారం. పోయిన సోమవారం నుంచి ఆటోనగర్‌లో ఒక లారీ స్పేర్ పార్ట్స్ డీలర్ ఆఫీసుకి వెళ్తున్నాను. జీతాల లెక్క, పీఎఫ్, జీఎస్టీ రిటర్నులు నా పని. పాత జీతం కన్నా తక్కువే, అందులో దాచేదేం లేదు. ఫోన్లు చేసినవాళ్లందరితో తీరిగ్గా మాట్లాడలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2024 వేసవిలో మా కంపెనీ విజయవాడ బ్రాంచి మూసేసింది. నేను అక్కడ పేరోల్ చూసేదాన్ని. అందరి సెటిల్‌మెంట్లూ చేసి, ఆఖరికి నాది నేనే చేసుకుని బయటికొచ్చాను. రెండు నెలల్లో ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకున్నాం ఇంట్లో. ఏడాదిన్నర దాటిపోయింది.

ఇప్పుడు ఉద్యోగం వెతకడం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. రెజ్యూమె అప్‌లోడ్ చేయమంటారు, చేశాక అందులో ఉన్నదంతా మళ్లీ గళ్లలో టైపు చేయమంటారు. వీడియో ఇంటర్వ్యూ అని కూర్చుంటే అవతల మనిషే ఉండరు. స్క్రీన్ మీద నా మొహం నాకే కనిపిస్తుంటుంది, పక్కన సెకన్లు తగ్గిపోతుంటాయి. మీ బలహీనత ఏమిటని అడిగితే నా మొహం చూసుకుంటూ నేనే చెప్పుకోవాలి. అంతా అయ్యాక ఒక మెయిలొస్తుంది, దానికి రిప్లై ఇచ్చే వీలుండదు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. ఫెయిలయ్యామంటే ఓ రోజు ఏడ్చి ఊరుకుంటాం. ఏ సంగతీ తేలకపోతే ఏం చేస్తాం? స్నానానికి వెళ్తూ కూడా ఫోను బాత్రూం కిటికీలో పెట్టుకునేదాన్ని. మోగకపోయినా మోగినట్టనిపించి అర్ధరాత్రి లేచి చూసుకునేదాన్ని.

పైగా పెళ్లిళ్లకి వెళ్తే, "మీ ఆయన సంపాదిస్తున్నాడుగా, నీకేం టెన్షన్" అనేవారు. మగవాళ్లని ఖాళీగా ఉన్నావా అని పొడుస్తారు, మమ్మల్ని హాయిగా ఉన్నావులే అని పొడుస్తారు.

మొదటి థాంక్స్ హైదరాబాద్‌లో ఒక కంపెనీ హెచ్‌ఆర్ అమ్మాయికి. నాకు ఉద్యోగం ఇవ్వలేదు. ఇంటర్వ్యూ అయిన రెండ్రోజులకే తనే ఫోన్ చేసి, "మేడమ్, మిమ్మల్ని తీసుకోవట్లేదు, మాకు శాప్ మీద చేసినవాళ్లు కావాలి" అని చెప్పింది. అది పెద్ద కంపెనీల్లో వాడే సాఫ్ట్‌వేర్, నాకొచ్చింది టాలీ. అక్కడితో పెట్టేయొచ్చు, పెట్టలేదు. "మీ రెజ్యూమె రెండు కాలమ్స్‌లో, డబ్బాల్లో ఉంది. మా సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగ్గా చదవలేదు, మీ ఎక్స్‌పీరియన్స్ ఖాళీగా చూపించింది. నేను ఫైలు తెరిచి చూశాను కాబట్టి పిలిచాను. పైనుంచి కిందికి మామూలుగా రాయండి" అంది. చాన్నాళ్ల తర్వాత ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను. ఉద్యోగం లేదనిపించుకుని నిద్రపోయింది నేనొక్కదాన్నేనేమో!

మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకొచ్చినప్పుడు పై వాటాకి పరిగెత్తుతూ సర్టిఫికెట్ల ఫైలు తీసుకున్నాం గానీ, అప్పటికే తడిసిపోయింది. టెన్త్, నాగార్జున యూనివర్సిటీ డిగ్రీ, రిలీవింగ్ లెటర్లు అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. గవర్నర్‌పేటలో జిరాక్స్ షాపు బాబాయ్ గారి దగ్గరికి తీసుకెళ్లి లామినేషన్ చేయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "తడి కాగితం లోపల పెట్టి మూసేస్తే బూజు పడుతుందమ్మా, ఇక తియ్యలేం" అన్నారు. ఒక్కో కాగితం కింద పల్చటి ప్లాస్టిక్ షీటు జొనిపి విడదీశారు. కిందా పైనా తెల్ల కాగితాలు వేసి, అవి తడి పీల్చుకున్నకొద్దీ మార్చారు. కాగితాలు ఎగురుతాయని ఫ్యాను ఆపేసి ఆ ఉక్కలోనే కూర్చున్నారు. ఒక లెటర్ మీద సంతకం కరిగిపోయింది, మిగతావన్నీ దక్కాయి. స్కాన్ కూడా చేసిచ్చి, డబ్బులు మాత్రం "ఉద్యోగమొచ్చాక ఇద్దువుగానిలే" అన్నారు. బాబాయ్ గారూ, ఒకటో తారీఖున వస్తున్నాను.

పక్కింటి తమ్ముడికి కూడా. ఆఫర్ లెటర్ పంపి ల్యాప్‌టాప్‌కి డిపాజిట్ కట్టమంటే, "ఉద్యోగమిచ్చేవాడు మనకి డబ్బులిస్తాడు గానీ మనల్ని అడగడక్కా" అని ఆపాడు. ఇప్పటికే కట్టినవాళ్లుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మధ్యాహ్నాలు ఇంట్లో ఉండలేక ఠాగూర్ లైబ్రరీకి వెళ్లేదాన్ని. అక్కడ ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు, నేను పుస్తకంలో పేజీ తిప్పకపోవడం గమనించారో ఏమో, ఒక సంగతి చెప్పారు. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలో మారియెంటాల్ అనే ఊళ్లో మిల్లు మూతపడింది. పరిశోధకులు వెళ్లి చూస్తే, బోలెడు తీరిక ఉన్నా జనం లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకోవడం తగ్గిపోయిందట. మగవాళ్ల నడకే నెమ్మదించిందట. ఆడవాళ్లు మాత్రం ఇంటి పనితో హడావుడిగానే తిరిగేవారట. నాది రెండూ కలిసిన బతుకు. పొద్దున ఆ ఆడవాళ్లలా పరిగెత్తి, మధ్యాహ్నం ఆ మగవాళ్లలా కూలబడేదాన్ని. నాకేదో లోపమని అప్పటిదాకా అనుకుంటున్నాను. అంతకాలం క్రితం, అంత దూరంలో, ఒక ఊరు ఊరంతా ఇలాగే అయిందంటే ఎంత తేలికపడ్డానో చెప్పలేను. తర్వాత నా స్నేహితురాలు పక్కన కూర్చుని మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయించింది. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. ఏడవనిచ్చారు కూడా.

మా అత్తయ్య, ఇంటర్వ్యూ ఉందంటే కుక్కర్ పెట్టేవారు కాదు. మా ఆయన గురించి ఇక్కడ రాస్తే సిగ్గుపడతాడు, వదిలేస్తున్నా.

చివరికి ఉద్యోగం ఏ పోర్టల్ నుంచీ రాలేదు. పాత కంపెనీలో ఒక డ్రైవర్ అన్నకి ఆధార్‌లో ఒక పేరు, పీఎఫ్‌లో ఒక పేరు ఉండి డబ్బులు ఆగిపోతే, జాయింట్ డిక్లరేషన్ (వివరాలు సరిచేయమని ఉద్యోగీ కంపెనీ కలిసి ఇచ్చే ఫారం) పెట్టించి, డబ్బులు వచ్చేదాకా వెంటపడ్డాను. నాకు గుర్తే లేదు. ఆయన ఇప్పుడు ఈ డీలర్ దగ్గర బండి తోలుతున్నాడు, ఓనర్ గారితో ఆయనే చెప్పాడు. ఓనర్ గారు టీ తెప్పించి, పాత రిటర్ను ఒకటి ముందు పెట్టి తప్పులు చూడమన్నారు. చూపించాను. గ్యాప్ గురించి అడగలేదు. "సోమవారం రామ్మా" అన్నారు.

పీఎఫ్‌లో పేరో పుట్టిన తేదీయో తేడా వచ్చి డబ్బులు ఆగినవాళ్లు, రెజ్యూమె ఎవరికైనా చూపించుకోవాలనుకునేవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి. ఆదివారాలు ఖాళీగానే ఉంటాను. నాకు తెలియనిదైతే తెలియదని ఆ రోజే చెప్తాను.