ఎడమ మర బోల్టులు అడిగితే కుడి మరవి వచ్చాయి: 1948 ప్లిమత్ వీల్ బోల్టులపై ఫిర్యాదు

చెన్నై

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: తప్పు వీల్ బోల్టులు పంపడం, వాటిని ఎలాగోలా బిగించుకోమని సలహా ఇవ్వడం గురించి.

నమస్కారం.

1948 ప్లిమత్ కారుకి 20 వీల్ బోల్టులు (చక్రాన్ని బిగించేవి) ఆర్డర్ ఇచ్చాం. అర అంగుళం సైజు, అంగుళానికి 20 మరలు, 10 ఎడమ మరవి (ఎడమకి తిప్పితే బిగిసేవి), 10 కుడి మరవి (మామూలువి) అని ఆర్డర్‌లోనే రాశాం. ఎడమ మర గుర్తుగా తల మీద ఎల్ అక్షరం ఉన్న పాత బోల్టు ఫొటో కూడా జత చేశాం. వచ్చిన పెట్టెలో 20కి 20 కుడి మరవే. పైగా వాటిలో 8 అర అంగుళానివి కూడా కావు, 12 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టులు.

ఈ కారులో స్టడ్, నట్ ఉండవు. బోల్టు నేరుగా హబ్‌లోకి, అంటే చక్రం ఆనే మధ్య భాగంలోకి, దిగుతుంది. ఎడమ వైపు రెండు చక్రాలకి ఎడమ మర, కుడి వైపు వాటికి మామూలు మర. తిరిగే చక్రం బోల్టుని వదులు చేయకూడదని ప్లిమత్ తయారుచేసిన క్రైస్లర్ వాళ్లు 1960లు దాటేదాకా పాటించిన పద్ధతి ఇది. తేడా కనిపెట్టడానికి పరికరం అక్కర్లేదు. బోల్టుని నిలువుగా పట్టుకున్నప్పుడు గీతలు కుడి వైపుకి ఎక్కితే మామూలు మర, ఎడమ వైపుకి ఎక్కితే ఎడమ మర. ప్యాక్ చేసినవారు ఒక్కసారి చూసినా ఈ ఉత్తరం రాయాల్సి వచ్చేది కాదు.

అంతకన్నా భయపెట్టేది ఆ 8 బోల్టుల సంగతి. పిచ్ గేజ్ (మరల మధ్య దూరం చూసే పళ్ల బ్లేడు) పెట్టి చూశాం, సరిపోయిందని మీ సిబ్బంది ఫోన్లో చెప్పారు. సరిపోయినట్టే కనిపిస్తుంది. అంగుళానికి 20 మరలంటే పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం, 1.27 మిల్లీమీటర్లు, మెట్రిక్‌ది 1.25. అంత చిన్న తేడా గేజ్ బ్లేడుకి దొరకదు. వెర్నియర్ (మందం కొలిచే స్కేలు) పెట్టి మందం కొలవాలి: 12 బోల్టులు 12.6 మిల్లీమీటర్లు చూపించాయి, మిగతా 8 బోల్టులు 11.9. సన్నగా ఉన్న బోల్టు అర అంగుళం రంధ్రంలోకి వేలితో తిప్పినా సాఫీగా దిగుతుంది, కానీ పట్టుకుని కదిపితే టకటకలాడుతుంది. మర లోతులో దాదాపు సగమే పట్టు ఉంటుంది. స్పానర్ వేస్తే బిగిసినట్టే అనిపించి, బరువు పడ్డాక హబ్ మరల్ని చెరిపేస్తుంది. బోల్టు పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. 1948 నాటి హబ్ మాత్రం పాత వాహనాల భాగాలు అమ్మే పుదుపేట అంతా గాలించినా దొరకడం కష్టం.

లోక్‌టైట్ (మరలకి రాసే జిగురు) వేసి బిగించమని, లేదా హబ్‌ని మళ్లీ ట్యాప్ చేయించమని, అంటే రంధ్రంలో కొత్తగా మర కోయించమని మీవాళ్లు సలహా ఇచ్చారు. దయచేసి ఈ మాట ఇంకెవరికీ చెప్పకండి. సగం పట్టున్న మరకి జిగురు బలం ఇవ్వదు. ఎడమ మర రంధ్రంలోకి కుడి మర ట్యాప్ దింపితే రెండూ ఒకదాన్నొకటి కోసుకుని ఏదీ మిగలదు.

ఆ 8 మెట్రిక్ బోల్టుల తలల మీద బలం తెలిపే 8.8, 10.9 లాంటి గుర్తులు కూడా లేవు. చక్రానికి ఆనే కోన్ వాలు, పొడవు కూడా పాత బోల్టుతో పోల్చి చూడండి. పొడవెక్కువైతే వెనక బ్రేక్ భాగాలకి తగలొచ్చు, తక్కువైతే పట్టు చాలదు.

మేము కోరేది: 10 ఎడమ మర, 10 కుడి మర బోల్టులు 15 రోజుల్లో పంపండి, లేదంటే రవాణా ఖర్చుతో సహా డబ్బు వాపసు ఇవ్వండి. పాత బోల్టు ఒకటి కొరియర్‌లో పంపగలం, పక్కన పెట్టుకుని పోల్చుకోండి. ఎడమ మర ప్యాకెట్ మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాయండి. టైరు షాపుల్లో విప్పుతున్నామనుకుని ఇంపాక్ట్ గన్‌తో ఇంకా బిగించి విరగ్గొడుతుంటారు. ఇదే లాట్‌లోని మిగతా బోల్టుల అమ్మకం ఆపి, ఇప్పటికే కొన్నవారికి ఫోన్ చేసి చెప్పండి. వాళ్లలో ఎవరైనా బిగించుకుని రోడ్డెక్కి ఉండొచ్చు.

గడువులోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో, ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాం. బిల్లు నకలు, వెర్నియర్ అంకెలు కనిపించే ఫొటోలు జతపరిచాం.

ఇట్లు,
మీ వినియోగదారులు