మొదటి పాఠం సంత భాషలో చెప్పండి

సంపాదకుడు గారికి,

2011 జనాభా లెక్కల్లో ఒడిశాలోని రాయగడ జిల్లాలో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి నలభై మంది కూడా లేరు. 2022–27 ఉల్లాస్ పథకం కింద పెద్దవాళ్లకు చదువు చెప్పేటప్పుడు గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల మొదటి పాఠం ఏ భాషలో ఉండాలో అధికారులు ముందు తేల్చాలి. సవర, కుయి అనే గిరిజన భాషల ఆడవాళ్లూ, తెలుగు, ఒడియా ఆడవాళ్లూ ఒకే చాప మీద కూర్చునే ఊళ్లివి. సంతలో వాళ్లంతా బేరమాడేది ఎక్కువగా తెలుగులో. అక్షరమూ కొత్తదై మాటా కొత్తదైతే, చదివింది సరో కాదో చెవికి తెలియదు. తెలిసిన మాటైతే ‘చింతప’ దాకా చదివేసరికి మిగతాది నోటికొచ్చేస్తుంది.

సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు పాటుపడింది పర్లాకిమిడిలోనే. పిల్లల విషయంలో ఇప్పటికీ అదే న్యాయం. పెద్దవాళ్లు కలిసి కూర్చునేచోట మాత్రం ఉమ్మడి మాటే దారి. కొరాపుట్ వైపు ఆ మాట దేశియా (అక్కడి ఒడియా యాస) అయితే అక్కడ దేశియాతోనే మొదలుపెట్టాలి.

అఆలతో మొదలెట్టొద్దు. ‘పలక’ నేర్పి, అవే అక్షరాలతో ‘కల’, ‘కలప’ కట్టించండి. గుణింతాలు తర్వాత, ఒత్తులు ఆఖరున. నిమిషానికి 30 మాటలు పైకి చదవాలన్నది పాత సాక్షరతా మిషన్ కొలత. మరీ కూడబలుక్కుంటూ చదివితే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతారు.

ఆ వేగం వచ్చాకే ఒడియా లిపి. బస్సు బోర్డూ ఆఫీసు కాగితమూ ఒడియాలోనే ఉంటాయి కనుక అది తప్పదు. అక్షరాల వరస దాదాపు ఒకటే. చిక్కల్లా రూపంతోనే: ఒడియాలో చాలా అక్షరాలకు నెత్తిన ఒకే గుండ్రం, తేడా కిందా లోపలా ఉంటుంది. తలకట్టుకి అలవాటుపడ్డ కన్ను ప, ష, స లను కలిపేస్తుంది. వాటిని ఒకే రోజు చెప్పకూడదు. హల్లులోని అకారాన్ని ఒకారానికి దగ్గరగా పలకాలనీ, ఎ–ఏ తేడా ఉండదనీ ముందే చెప్పాలి.

నలభై దాటినవాళ్లకు దగ్గరచూపు తగ్గుతుంది. నల్లబల్ల మీద కనిపించిన అక్షరం పుస్తకంలో కనిపించక, తన బుర్రకే ఎక్కడం లేదనుకుని మానేస్తారు. ఇది మాకు చాలా బాధ కలిగించే సంగతి. మొదటి వారమే సూదిలో దారం ఎక్కించమని చూసి, అవసరమైనవాళ్లకు కళ్లద్దాలు ఇప్పించాలి. కోతలయ్యాక, జీడిపిక్కల పని మొదలయ్యేలోపు తరగతులు పెడితే మనుషులు దొరుకుతారు.

చదవడానికేమీ లేకపోతే నేర్చింది నిలవదు. మీ జిల్లా పేజీలో వారానికోసారి పావు పేజీ వీళ్లకు కేటాయించండి. సంత ధరలు, బస్సు వేళలు, రేషన్ తేదీలు చాలు. వాక్యానికి ఐదారు మాటలు మించకుండా, అక్షరం 18 పాయింట్లకు తగ్గకుండా వేయండి.

– వయోజన విద్యా కార్యకర్తలు, గుణుపురం