'తండ్రియైన దేవుడు' పాఠాలకు చేయందించిన వారందరికీ కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. 'తండ్రియైన దేవుడు' అనే బైబిల్ పాఠాలు సిద్ధం చేయడానికి సాయం కావాలని అడగ్గానే ముందుకొచ్చిన పెద్దలకు, సహోదరీ సహోదరులకు మా బృందం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. ఎవరు ఏం నేర్పారో కాస్త వివరంగానే రాస్తున్నాం. ఇలాంటి పాఠాలు చెప్పే మిగతావాళ్లకు కూడా పనికొస్తుంది.

ముందుగా, పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పిన పాస్టరుగారికి వందనాలు. "దేవుడు మన ఇంట్లో నాన్నలాంటివాడు" అని మొదలుపెట్టొద్దన్నది ఆయన మొదటి మాట. వినేవాళ్లలో తాగొచ్చి కొట్టే నాన్న ఉన్నవాళ్లుంటారు, నాన్న ముఖమే చూడనివాళ్లుంటారు. ఆ ఒక్క వాక్యంతో వాళ్ల మనసు మూసుకుపోతుంది, తర్వాత ఎంత చెప్పినా ఎక్కదు. అందుకే యోహాను 14:8-9తో మొదలుపెట్టమన్నారు. తండ్రిని చూపించమని శిష్యుడైన ఫిలిప్పు అడిగితే, యేసు తననే చూడమన్నాడు. కాబట్టి కుష్ఠరోగిని ముట్టుకున్న యేసును (మార్కు 1:41), చిన్నపిల్లల్ని ఎత్తి కౌగిలించుకున్న యేసును (మార్కు 10:16), చనిపోయిన స్నేహితుడు లాజరు కోసం కన్నీళ్లు పెట్టుకున్న యేసును (యోహాను 11:35) ముందు చూపించాలి. తండ్రి ఇలాంటివాడు అన్న మాట ఆ తర్వాతే రావాలి. ఈ వరుస తారుమారైతే మన నాన్నలే దేవునికి కొలబద్దలైపోతారు.

అప్పటికీ 'తండ్రి' అన్న పిలుపు గొంతులో అడ్డుపడేవాళ్ల సంగతేమిటి? తల్లి ఆదరించినట్లు ఆదరిస్తానన్న యెషయా 66:13, ఎఫ్రాయిముకు (అంటే ఇశ్రాయేలు ప్రజలకు) నడక నేర్పింది నేనేనన్న హోషేయ 11:3 వాళ్లకు ముందు చదివి వినిపించమని ఒక సహోదరి సూచించారు. తొందరపెట్టొద్దని కూడా చెప్పారు. ఆ జాగ్రత్త ఎంతో విలువైనది.

లూకా 15వ అధ్యాయం నెమ్మదిగా చదవడం నేర్పిన పెద్దాయనకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఆస్తిలో వాటా తీసుకుపోయి, అంతా పోగొట్టుకుని తిరిగొచ్చిన చిన్నకొడుకు కథ, అదే తప్పిపోయిన కుమారుడి కథ, అందరికీ కంఠతా వచ్చు, అందుకే ఎవరూ సరిగ్గా చదవరు. ఆయన చేయించిన పని చిన్నదే: 18, 19 వచనాలను ఒక పక్క, 21వ వచనాన్ని మరో పక్క రాయించారు. ఇంటికి బయలుదేరేముందు చిన్నవాడు మూడు మాటలు కూర్చుకున్నాడు: పాపం చేశాను, కుమారుణ్ణని అనిపించుకునే యోగ్యత లేదు, కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. తండ్రి ముందు రెండే పలికాడు. కూలి మాట బయటికి రానేలేదు. ఈలోపే తండ్రి దాసులవైపు తిరిగి ప్రశస్తమైన వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. ఈ తేడా పిల్లలు తామే కనిపెట్టేదాకా ఆగాలట, మనం ముందే చెప్పేయకూడదట.

చాలామంది 24వ వచనం దగ్గర సంబరంతో ఆపేస్తారు. ఇంకా ఎనిమిది వచనాలున్నాయి. ఈ ఉపమానం చెప్పింది, యేసు పాపులతో కలిసి తింటున్నాడని సణుక్కుంటున్న యూదుల మతపెద్దలు, అంటే పరిసయ్యులు, శాస్త్రులు వింటుండగా (15:2), కాబట్టి అసలు బరువు ఇంట్లోనే ఉండిపోయిన పెద్దకొడుకు దగ్గరే ఉంది. ద్వితీయోపదేశకాండము 21:17 ప్రకారం జ్యేష్ఠుడికి రెండు పాళ్లు. కొడుకులు ఇద్దరే గనక చిన్నవాడిది మూడోవంతు, అది అతను ముందే పంచుకుని తీసుకుపోయాడు. ఇక ఇంట్లో మిగిలింది పెద్దవాడికి రావలసినదే. తమ్ముడు తిరిగొచ్చిన విందుకు క్రొవ్విన దూడను అందులోంచే కోశారని గమనిస్తే అతని కోపం ఎక్కడిదో అర్థమవుతుంది. ఇన్నేళ్లు సేవించానంటాడు. ఇల్లు దాటకుండానే కూలివాడిలా బతికాడు. ఏళ్ల తరబడి మందిరానికి వచ్చేవాళ్లు తమను చూసుకునేది ఇక్కడే. తండ్రి అతని కోసం కూడా బయటికి వచ్చి బతిమాలాడు (15:28). అతను లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు. ఆ ఖాళీని మనం పూరించకూడదు. గంట పాఠమైతే సగం సమయం పెద్దవాడికే ఉంచాలి.

క్రమశిక్షణ పాఠాన్ని కౌన్సెలింగ్ చేసే ఒక సహోదరి వాక్యం వాక్యం సరిచూశారు. ప్రభువు తాను ప్రేమించేవాణ్ణి శిక్షిస్తాడనే హెబ్రీ 12వ అధ్యాయాన్ని ఇంట్లో దెబ్బలు తినే పిల్లలకు చూపించి "ఇదీ ప్రేమే" అంటే అది ఘోరం. మన తండ్రులు తమకు తోచినట్టు శిక్షించారనీ, దేవుడైతే మన మేలు కోసమే చేస్తాడనీ 10వ వచనమే తేడా చెబుతోంది. ఏ పిల్లైనా ఇప్పుడు కూడా దెబ్బలు తింటున్నట్టు తెలిస్తే ముందు ఆ పిల్ల క్షేమం చూడాలి. క్షమాపణ పాఠం ఆ రోజు చెప్పాల్సింది కాదు. అలాగే ప్రతి రోగాన్నీ తండ్రి శిక్ష అనొద్దు, పుట్టుగుడ్డివాడి అంధత్వం ఎవరి పాపం వల్లా కాదని యేసు చెప్పిన యోహాను 9:3 గుర్తుంచుకోవాలి.

ప్రార్థన పాఠం ఒక పెద్దమ్మగారి చలవ. మత్తయి 6వ అధ్యాయం ఒక్కదానిలోనే తండ్రి పేరు 12 సార్లు వస్తుంది, పెన్సిలుతో గుర్తుపెట్టించండి అన్నారు. ఆ తర్వాత "పరలోకమందున్న మా తండ్రీ" దగ్గర ఆగి, ఒక నిమిషం మౌనంగా ఉండి, ఈ రోజు అవసరం ఒక్కటే చెప్పడం. అడగకముందే ఆయనకు తెలుసు (6:8), కాబట్టి మాటలు పేర్చక్కర్లేదు. "ప్రేమిస్తే అడిగింది ఎందుకివ్వలేదు?" అనే ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది. దానికి, సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన గెత్సేమనే తోటను చూపించమన్నారు. "అబ్బా, తండ్రీ" ('అబ్బా' అంటే అరామిక్ భాషలో తండ్రి) అని పిలిచి యేసు అడిగినా ఆ శ్రమల గిన్నె తొలగలేదు (మార్కు 14:36). అయినా పిలుపు మారలేదు. అదే పిలుపును ఆత్మ మన నోట పెడతాడని రోమా 8:15 అంటోంది. ఏమీ అనిపించని రోజు కూడా ఆ పిలుపు చెల్లుతుందని ఆవిడ పదే పదే చెప్పారు.

వచనాల నంబర్లు సరిచూసినవాళ్లకు, పెద్ద అక్షరాలతో ప్రతులు తీసిచ్చినవాళ్లకు, చిత్తుప్రతి చదివి "ఈ మాట నొప్పిస్తుంది" అని ధైర్యంగా చెప్పిన తండ్రిలేని పిల్లలకు మరీ మరీ కృతజ్ఞతలు. పిల్లలూ, మీరు గీత గీసిన వాక్యాలన్నీ తీసేశాం.