తొలకరి లోపు మా శాసనానికి అచ్చు తీయించండి

పురావస్తు శాఖ మంత్రి గారికి నమస్కారం.

అయ్యా, మీకు ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ జవాబు లేదు కాబట్టి ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మా చెరువు తూము పక్కన నిలువెత్తు శాసనం రాయి ఉంది. పైన సూర్యచంద్రులు, కింద అక్షరాలు. చిన్నప్పుడు మా తాత వేలు పట్టి చూపిస్తుంటే తలకట్లు లెక్కపెట్టేవాణ్ణి. ఇప్పుడు కింది నాలుగు వరుసలు చేత్తో తడిమినా తెలియడం లేదు. గేదెలు ఒళ్లు రుద్దుకుని అరగదీశాయి. పోయినేడు జాతరకు ఎవరో భక్తితోనే పసుపు పెయింట్ కొట్టారు. అది గాట్లలోకి దిగి గట్టిపడింది. నెల తిరక్కుండానే గుప్తనిధుల వాళ్లు రాత్రికి రాత్రి రాయి మొదట్లో గొయ్యి తవ్విపోయారు. రాయి చెరువు వైపు ఒరిగింది. మేమే మట్టి పూడ్చి, రెండు సరుగుడు బాదులు ఆనించాం.

ఆఫీసుకు వెళ్తే నిధులు లేవన్నారు, స్టాఫ్ లేరన్నారు. ఆ మాట చెప్పిన ఉద్యోగి మీద నాకు కోపం లేదు. ఆయన పక్క కుర్చీలు ఖాళీగా ఉండటం నేనూ చూశాను. ఆ ఖాళీలు నింపాల్సింది మీరే కదండీ!

మేము గుడి కట్టించమనలేదు, మ్యూజియం అడగలేదు. రాయిని శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, ఇంకు అద్దితే అక్షరాలు కాగితం మీదికి వస్తాయి. ఆ అచ్చు ఒక్కటి ఉంటే రేపు రాయి పోయినా అందులోని మాట మిగులుతుంది. ఆ చెరువు ఎవరు తవ్వించారో, ఏ పొలం ఎవరికి రాసిచ్చారో మా పిల్లలకు తెలుస్తుంది. ఇంతవరకూ దాన్ని చదివినవాళ్లే లేరు.

నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయంతా తవ్వించి, దొరికినవాటిని కొండ మీదికి చేర్పించింది ప్రభుత్వమే. అప్పుడు దొరికిన మనుషులు, డబ్బు ఇప్పుడెందుకు దొరకవు? కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాల్లోనే 92 కనిపించడం లేదని 2013లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తేల్చింది. ఏ జాబితాకూ ఎక్కని మా రాయి పోతే అడిగేవాళ్లెవరు?

దయచేసి ఆ ఖాళీలు నింపండి. ప్రతి ఊళ్లో ఉన్న శాసనాలను ముందు జాబితాకు ఎక్కించండి. అదంతా ఆలస్యమవుతుందంటే, తొలకరి లోపు మా ఊరికి అచ్చు తీసే మనిషిని ఒక్కరిని పంపండి. మట్టి నానితే ఆ బాదులు ఆగవు.

ఇట్లు,
ఆ చెరువు కింద ఒక రైతు