ఏటి గట్టు స్థలాలకు మట్టి పరీక్ష రిపోర్టు ఇకపై మూడు వారాలు

వంశధార, నాగావళి గట్ల మీదా, గెడ్డల (వాగుల) ఒడ్డునా, పూసపాటిరేగ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న దిబ్బల మీదా ఇల్లు కట్టుకుందామని మట్టి పరీక్షకు మమ్మల్ని పిలుస్తున్నవారికి ఈ మాట. వాలు స్థలాలకు వారంలో ఇచ్చే రిపోర్టు ఇకపై మూడు వారాలు పడుతుంది. మట్టి నమూనా తీసే బోరు ఒకటి బదులు మూడు వేస్తాం కాబట్టి ఖర్చూ పెరుగుతుంది.

ఇన్నాళ్ళూ స్థలం మధ్యలో ఒక బోరు వేసి, నేల ఎంత బరువు మోస్తుందో రాసి ఇచ్చేవాళ్ళం. చదును నేలకు అది చాలు, గట్టుకు చాలదు. పునాది కుంగుతుందా లేదా అన్నదానికే ఆ రిపోర్టులో జవాబు ఉంటుంది. నేలే ఇంటితో సహా ఏట్లోకి జారుతుందా అన్నది అందులో ఉండదు. మా దగ్గర అలాంటి రిపోర్టు తీసుకుని ఇంకా పునాది తవ్వనివారు ఉంటే ఆగండి. మిగతా రెండు బోర్లకే డబ్బు తీసుకుని లెక్క పూర్తిచేస్తాం.

గట్టు వరద నిండుగా ఉన్నప్పుడు పడుతుందని చాలామంది అనుకుంటారు. ఏరు నిండుగా ఉన్నంతసేపూ ఆ నీళ్ళే గట్టును బయటనుంచి ఆనుకుని ఉంటాయి. అసలు భయం వరద తీసేటప్పుడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు వంశధార పొంగింది కదా, అలాంటి వరద తగ్గేటప్పుడు ఏట్లో మట్టం గబగబా దిగిపోతుంది, బంకమట్టి పీల్చుకున్న నీరు దిగదు. బయట ఆనుడు పోతుంది, లోపల బరువూ నీటి ఒత్తిడీ అలాగే ఉంటాయి. వాన వెలిసి ఎండ కాసిన రోజున గట్టు విరిగిపడేది అందుకే.

ఎర్రమట్టి దిబ్బలది ఇంకో మాయ. మే నెలలో గునపం దిగనంత గట్టిగా, గోడలా నిలబడతాయి. నాలుగు ముసుర్లు పడితే ఆ పట్టు వదిలేస్తాయి. కాబట్టి ఎండాకాలంలో తీసిన నమూనానైనా నానబెట్టాకే షియర్ పరీక్ష (జారకుండా మట్టి ఎంత పట్టు చూపుతుందో కొలిచేది) చేస్తాం.

మూడు బోర్లూ ఒకే వరసలో ఉంటాయి: ఇల్లు వచ్చే చోట ఒకటి, గట్టు అంచున ఒకటి, అడుగున ఒకటి. గట్టు 8 మీటర్ల ఎత్తుంటే పై బోరు 12 మీటర్లకు తగ్గదు, అడుగు మట్టం దాటి కిందికి చూడాలి. ప్రతి మీటరున్నరకూ 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదిలి, గొట్టం 45 సెంటీమీటర్లు దిగేదాకా కొడతాం. చివరి 30 సెంటీమీటర్లకు పడిన దెబ్బలే లెక్క. పైన 20 దెబ్బలు తిన్న నేల ఒక్కచోట నాలుగైదుకే దిగిపోయిందంటే, జారుడు మొదలయ్యే పొర అదే కావచ్చు. అది ఒక అడుగు మందమే అయినా వదలం, అక్కడ నమూనాలు దగ్గర దగ్గరగా తీస్తాం.

నేలలో నీటి మట్టం చూడటానికి అంచు బోరులో కింద రంధ్రాలున్న పి.వి.సి. గొట్టం దించి, చుట్టూ ఇసుక పోసి, మూతపెట్టి వదిలేస్తాం. బోరు వేసినరోజు కనిపించే మట్టం మేం పోసిన నీళ్ళదే కావచ్చు, నమ్మొద్దు. తర్వాత వానాకాలమంతా వారానికోసారి టేపు దించి కొలత మీరే రాసిపెట్టుకోవచ్చు.

లెక్క నాలుగు స్థితులకు కడతాం: పొడి, తడి, వరద తీత, భూకంపం. మామూలు స్థితిలో భద్రతా గుణకం (గట్టును నిలిపే బలం, జార్చే బలానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.5 రాకపోతే, కట్టమని మేం రాసివ్వం.

ఈలోపు మీరే ఒక అంచనా వేసుకోవచ్చు. గట్టు అడుగునుంచి, ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్లు వెనక్కి పోయేలా గీత ఊహించండి. 8 మీటర్ల గట్టుకు అది అడుగునుంచి 16 మీటర్ల దూరాన పైకి తేలుతుంది. గట్టు 45 డిగ్రీల వాలుంటే అంచునుంచి 8 మీటర్లు వదిలినట్టు. ఏరు కోసుకుపోతున్న చోటా, అడుగున ఇసుక తవ్వే చోటా ఇంకా వెనక్కి జరగాలి. పునాదులకు భారత ప్రమాణం ఐ.ఎస్. 1904లో పునాది కింది అంచునుంచి వాలు దాకా అడ్డంగా 90 సెంటీమీటర్లు అని ఉంది చూడండి, అది పునాది వరకే. గట్టు నిలుస్తుందన్న హామీ కాదు.

రిటైనింగ్ వాల్ కడితే సరిపోదా అని అడుగుతారు. వెనక కంకర వడపోత, మీటరున్నరకో నీరు బయటికి పోయే గొట్టం లేకపోతే ఆ గోడే వెనక నీటిని నిలబెట్టి మీదికి తెచ్చుకుంటుంది. సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గొయ్యి అంచుకు దూరంగా, వీధి వైపు ఉండాలి.

మా రిపోర్టు తీరప్రాంత అనుమతి కాదు. సముద్రం దగ్గరా, పోటు నీరు వచ్చే ఏటి మొగల దగ్గరా సి.ఆర్.జెడ్. (తీరంలో కట్టడాలను నియంత్రించే మండలం) హద్దు ముందు తేల్చుకోండి. అది కుదరకపోతే మా బోర్ల ఖర్చు దండగ.

మేం వచ్చేలోగా పొదలు కొట్టించకండి. వంగిన తాటిచెట్లు, ఊట చెమ్మ, అంచుకు సమాంతరంగా పోయే బీటలు, అన్నీ మాకు కనబడాలి. బీట ఉంటే రెండు పక్కలా చెరో మేకు దిగ్గొట్టి, మధ్య దూరం తారీఖు వేసి రాసుకోండి. చదును చేద్దామని గ్రావెల్ తోలించారో, మీటరు మందానికి చదరపు మీటరుకు దాదాపు 1.8 టన్నులు అంచు మీద పెట్టినట్టే. ఒకవేళ తోలించేసి ఉంటే ముందే చెప్పండి, బోరు లోతు పెంచాలి.